డోర్నకల్ అక్క

మేముంటున్న మడికొండ అపార్ట్‌మెంట్లలో నెలకో ఆదివారం కొందరు అమ్మాయిలు కింది హాల్లో చేరి కథలు చదువుకుంటారు. అందరూ దగ్గర్లోని కంప్యూటర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లే. "ఆంటీ, మీరూ రండి" అని పిలుస్తారు. పిలిచారు కదా అని ఒక డబ్బాలో మురుకులు పెట్టుకుని వెళ్లి, వెనక కుర్చీలో కూర్చుంటాను.

పోయిన నెల ఒక అమ్మాయి ఎప్పటిదో పాత వారపత్రికలోని కథను ఫోనులో చూస్తూ చదివింది. మొదటి పేరాకే నాకు తెలిసిపోయింది అది ఎవరి కథో. సగంలో ఆ పిల్ల ఫోను పక్కకు చాచింది. మిగతాది పక్కనున్న అమ్మాయి పూర్తిచేసింది.

"ఈ రచయిత్రి నా పక్కన కూర్చుని నా తల నిమురుతూ రాసినట్టుంది ఆంటీ. ఆడపుట్టుక పుడితే తప్ప ఇట్లా రాయలేరు" అంది కళ్లు తుడుచుకుంటూ. "మీ కాలం ఆమెనే కదా, మీరు చదివారా?"

"చదివాను" అన్నాను. మురుకుల డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను.

ఆ పిల్ల ముఖంలోని సంబరం నాకు బాగా ఎరుక. ఒకప్పుడు అచ్చం అట్లాంటిదే నా ముఖంలోనూ ఉండేది. ఒక ఎండాకాలం అది పోయింది. అది పోయిన సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మానాన్నలు స్టేషన్ ఘన్‌పూర్‌లో చిన్న కిరాణా నడుపుకునేవాళ్లు. నా చదువు కోసం నన్ను వరంగల్లులో అమ్మమ్మ ఇంట్లో ఉంచారు. తాతది కూడా కిరాణమే, కాకపోతే బజారులో పెద్దది. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ నడుమ వెలుతురు సరిగా రాని సరుకుల గది. ఆ గదిలోకి అడుగుపెడితే ముందు గోనెసంచుల వాసన, తర్వాత బెల్లం, ఆ తర్వాత ఎక్కడినుంచో ఇంగువ. మిరపకాయల కాలం వచ్చిందంటే బజారంతా తుమ్ములే. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా గౌను వాసన చూసి, "ఇయ్యాల మీ తాత ధనియాలు దించిండు గదనే" అనేది. ఎప్పుడూ తప్పేది కాదు.

సరుకుల గదిలో ఒక మూల రద్దీ కాగితాల గుట్ట ఉండేది. పొట్లాలు కట్టడానికి తాత పాత పత్రికలు తూకానికి కొనేవాడు. పుస్తకం కొనిచ్చే అలవాటు మా ఇంట్లో లేదు. కానీ ఆ గుట్ట మీద కూర్చుంటే ఎన్ని పుస్తకాలో! బియ్యం బస్తాల సందున దూరి, ఒక చేత్తో బెల్లం ముక్క, ఒక చేత్తో వారపత్రిక పట్టుకుని చదివేదాన్ని. ఉన్న చిక్కల్లా ఒక్కటే. కథ మంచి పట్టులో ఉండగా పేజీ ఉండేది కాదు. అప్పటికే అందులో జీలకర్ర కట్టి తాత ఎవరికో ఇచ్చేసి ఉండేవాడు.

ఆ ఎండాకాలానికి ముందు, చలి వెనకబట్టే రోజుల్లో మా చిన్నమ్మ అత్తగారింటి నుంచి వచ్చేసింది. చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. చేతిలో చిన్న సంచి, కనుబొమ్మ పైన మానీ మానని దెబ్బ. ఏమైందని అడిగితే, "బాయికాడ జారిపడ్డనే" అంది. నేను నమ్మాను. ఆమె ఎందుకొచ్చిందో, ఎన్నాళ్లుంటుందో నాకెవరూ చెప్పలేదు. తాత మాత్రం అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా, "ఆడిపిల్ల అత్తగారింట్ల ఉంటేనే అందం. నాలుగొద్దులు సూసి తోలిపిద్దాం" అనేవాడు. అమ్మమ్మ ఏమీ అనేది కాదు. అతని విస్తట్లో ఇంకో గరిటె పచ్చిపులుసు పోసేది.

నేను బస్తాల సందున దూరిన సంగతి చిన్నమ్మ కనిపెట్టింది. అమ్మమ్మకు చెబుతుందని వణికిపోయాను. ఆమె వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. "జర జరుగు. నాకు గూడ సదువు" అంది. అప్పటినుంచి మధ్యాహ్నాలు ఇద్దరం కలిసి చదివేవాళ్లం.

అట్లా దొరికింది ఆ రచయిత్రి కథ. పేరు ఇక్కడ రాయను. చక్కని ఆడపేరు. ఆ కథలో ఒక చిన్నపిల్ల ఇంట్లో బెల్లం దొంగిలించి తిని, వాసన తెలియకుండా ముంజేతిని నాలుకతో నాకి పరికిణీకి తుడుచుకుంటుంది. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. అది నేను చేసే పని. లోకంలో ఎవరికీ తెలియదనుకున్నాను. ఈమెకెట్లా తెలిసింది? కథ చివరి పేజీ లేదు. తాతను బతిమాలి అడిగితే, "వాము కట్టి మూలమీది అవ్వకిచ్చిన" అన్నాడు. చెప్పుల్లేకుండా ఎండలో ఉరికాను. అవ్వ వాము డబ్బాలో పోసుకుని కాగితాన్ని పొయ్యి పక్కన పెట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే బూడిదే. "దీంట్ల ఏమున్నదే, గింత ఉరికొచ్చినవ్?" అని నవ్వి ఇచ్చింది. ఆ పేజీని చిన్నమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని, "కథ గూడ కడుపునొప్పికి మందే" అంది. ఆమె వచ్చాక నవ్వడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత ఆ పేరు కోసమే గుట్టంతా తిరగేశాం. దొరికిన ప్రతి కథనూ బియ్యం డబ్బా వెనక దాచాం. ఒక కథలో చిట్లిన గాజుల చేతిని కొంగు కింద దాచుకుని నీళ్లు తోడుకునే ఒక ఆడమనిషి ఉంది. అందరూ తిన్నాక మిగిలిన కూర గిన్నెను అన్నంతో తుడిచి తింటూ, అదే రుచి అని తనకు తాను చెప్పుకుంటుంది. ఆ మాట దగ్గర చిన్నమ్మ పేజీ మడిచింది. "ఈమె పడ్డదే. పడనోళ్లు గిట్ల రాయలేరు" అంది.

నాకు అక్కలు లేరు. ఆ రచయిత్రిని మనసులో అక్కా అని పిలవడం మొదలుపెట్టాను. బడిలో ఎవరితోనైనా తగాదా అయితే ఇంటికొచ్చి ఆమెతో చెప్పుకునేదాన్ని, ఎదురుగా ఉన్నట్టే. చివరికి ఉండబట్టలేక పత్రిక ఆఫీసుకు ఒక కార్డు రాశాను. బెల్లం సంగతి నీకెట్లా తెలుసు అక్కా అని.

జవాబు వచ్చింది! పోస్టుమ్యాన్ దుకాణం ముందు నిలబడి నా పేరు చదివితే తాతే నమ్మలేదు. గుండ్రటి అక్షరాలు. "చిట్టి చెల్లీ, నీ ఉత్తరం చూస్తే నా చిన్నతనం గుర్తొచ్చింది. నాకు అప్పుడు బారెడు జుట్టు. అమ్మ జడ వేస్తుంటే ఒళ్లో పుస్తకం దాచుకుని చదివేదాన్ని. తల వంగిపోతే అమ్మ మొట్టికాయ వేసేది. అవి తిన్న తల కాబట్టే నీ తలలో ఏముందో నాకు తెలుసు" అని రాసి, కింద "మీ అక్క" అని సంతకం. కవరు మీద డోర్నకల్ రైల్వే క్వార్టర్స్ చిరునామా. రైలెక్కితే పూట పట్టని ఊళ్లో ఉందా మా అక్క! మరునాటి నుంచి అమ్మమ్మ జడ వేస్తుంటే నేను కావాలనే తల వంచేదాన్ని, మొట్టికాయ పడుతుందని. అమ్మమ్మ మొట్టలేదు. "మెడ నొస్తాందా బిడ్డా?" అని అడిగేది.

ఎండలు ముదిరాయి. అమ్మమ్మ మామిడికాయ తొక్కు పెట్టే పనిలో పడింది. ఇంటి నిండా ఆవపిండి ఘాటు, మెంతుల వాసన. చిన్నమ్మ కాయలు కోస్తుంటే, నేను కొత్తగా వచ్చిన పత్రికలోంచి అక్క కథ పైకి చదివాను. ఈసారి రద్దీలోది కాదు. దాచుకున్న చిల్లర పెట్టి బజారులో కొన్నాను. అందులో ఒక తల్లి, జ్వరంతో కాలిపోతున్న పసిబిడ్డ. మొగుడు పేకాటలో కూర్చుని, జర ఆగు వస్తున్నా అంటాడు. వచ్చేసరికి బిడ్డ ఉండదు. ఆమె ఇల్లు విడిచి పుట్టింటికి వెళ్లిపోతుంది. ఏడాది తర్వాత అతను వచ్చి గుమ్మంలో నిలబడి ఏడుస్తాడు. ఆమె అతని కన్నీళ్లు చూసి మన్నించి, అతని వెంట నడిచిపోతుంది. అదీ కథ.

చిన్నమ్మ కత్తిపీట మీంచి లేవలేదు. కోసిన కాయముక్కల మీద కన్నీళ్లు రాలుతున్నాయి. అమ్మమ్మ ఆవాల ఘాటనుకుంది.

ఆ సాయంత్రం చిన్నమ్మ దుకాణం గడప దగ్గరకొచ్చి, "నాయినా, నేను పోతా" అంది. తాత తక్కెడ కింద పెట్టాడు. "బిడ్డను పోగొట్టుకున్నదే మన్నించి పోయింది. నాదేం పెద్ద కష్టం?" అని నాతో తర్వాత అంది. అది కథ కదా అని నాకూ తోచలేదు. ఆమె పడిందే రాస్తుందని ఇద్దరికీ గట్టి నమ్మకం.

"గని పోయేముందు ఒక్కసారి డోర్నకల్ పోయి ఆమెను సూసొస్త" అంది తాతతో. కూతురు అత్తగారింటికి పోతానన్న సంతోషంలో తాత దేనికైనా ఒప్పుకునేలా ఉన్నాడు. తోడుగా నన్ను తీసుకుపొమ్మన్నాడు. అమ్మమ్మ కొత్త తొక్కు ఒక చిన్న జాడీలో పెట్టి గుడ్డ కట్టింది. "రాసుకునే మనిషి. కూరలు గిట్ల ఏం సక్కగ చేసుకుంటదో ఏమో. ఇయ్యండి" అంది.

ప్యాసింజర్ బండి. బొగ్గు ఇంజను. కిటికీ దగ్గర కూర్చుంటే కళ్లలో నుసి పడుతున్నా నేను జరగలేదు. నెక్కొండలో జామకాయలు కొనుక్కున్నాం. మానుకోట దాటాక చిన్నమ్మ తల దువ్వుకుంది, నా జడ విప్పి మళ్లీ వేసింది. "అక్క ముంగట మంచిగ మాట్లాడు" అంది. నా సంచిలో అక్క కథలన్నీ దారంతో కుట్టి పెట్టుకున్నాను. వాటిమీద ఆమెతో పేరు రాయించుకోవాలని.

డోర్నకల్‌లో క్వార్టర్స్ వరుసగా ఉన్నాయి. ఆరేసిన బట్టల మీద సన్నటి నల్లదుమ్ము. మేం వెతికిన ఇంటి అరుగు మీద ఒకామె చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. సన్నగా ఉంది. నుదుటిమీద చెమటకు కుంకుమ కొంచెం కరిగింది.

చిన్నమ్మ ఆ పేరు చెప్పి, "వారి ఇల్లు ఇదేనా అక్కా?" అని అడిగింది.

ఆమె తలెత్తింది. "ఔ బిడ్డా. నేనే. మీరెవరు?"

చిన్నమ్మ సంచి కింద పెట్టి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. నేను ఆ వేళ్లను చూస్తున్నాను, ఏ వేలి మీద కలం పట్టిన గుర్తు ఉందా అని. పసుపు మరకలున్నాయి.

"వరంగల్ నుంచొచ్చినమక్కా. మీ కథలు సదివి, మిమ్ముల సూసిపోదామని."

"కథలా? ఏం కథలు?"

అణకువ అనుకున్నాం. చిన్నమ్మ నవ్వి, నా సంచిలోంచి కుట్టిన కాగితాలు తీసి ఆమె ఒళ్లో పెట్టింది. ఆమె చేట పక్కకు జరిపి, వాటిని తలకిందులుగా పట్టుకుని చూసింది.

"నాకు సదువు రాదు బిడ్డా. మా సారు సదువుతడు. ఎప్పుడు సూడు రాసుకుంటనే ఉంటడు. ఆఫీసు లెక్కలనుకుంటి."

ఇల్లు తప్పామేమో అనుకున్నాను. నా ఉత్తరం కవరు తీసి గోడమీది నంబరు చూశాను. అదే ఇల్లు. చిన్నమ్మ ముఖం పాలిపోయింది. ఆమె నాకంటే ముందే గ్రహించింది. నెమ్మదిగా అరుగు మీద కూర్చుని, కాగితాలు సరిగా తిప్పి, కథ పేరు కింద వేలు పెట్టింది.

"ఇగో అక్కా. ఇది మీ పేరు."

"యాడ?"

"గిది. గీ అక్షరాలు."

ఆమె తన వేలు అక్కడ పెట్టింది. రెండో కథ మీద పెట్టింది. మూడో కథ మీద. ప్రతిచోటా అదే ఆకారం ఉందా అని సరిచూసుకున్నట్టు చూసింది. "గిన్నిసార్లు నా పేరు ఎందుకు రాసిన్రు?" అంది.

చిన్నమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మీ సారు రాసే కథలు మీ పేరు మీద వస్తున్నాయని, తెలుగు చదవగలిగిన ఆడవాళ్లందరికీ మీరు తెలుసునని. ఆమె నమ్మినట్టు లేదు. "ఏదన్న ఒకటి సదువు బిడ్డా, ఇందాం" అంది.

చిన్నమ్మ అన్నిటికన్న కొత్త కథే తీసింది, ఏ కథను నమ్మి మళ్లీ కాపురానికి పోతానందో అది. ఆమె చేటలో వేళ్లు ఆడిస్తూ వింటోంది. తల్లి, బిడ్డ, జ్వరం. కథలో తల్లి బిడ్డను ముద్దుపేరుతో పిలిచే చోటు వచ్చింది. చిన్నమ్మ ఆ పేరు చదివింది.

ఆమె చెయ్యి ఆగింది. "మల్ల సదువు."

చిన్నమ్మ మళ్లీ చదివింది.

"అది నా బిడ్డ పేరు" అంది ఆమె. "మొదటి బిడ్డ. మా ఇంట్ల తప్ప ఆ పేరు ఎవలికి ఎర్కలేదు."

ఆపమంటుందనుకున్నాం. ఆపొద్దంది. చివరిదాకా చదివించుకుంది. మొగుడు గుమ్మంలో ఏడవడం, ఆమె మన్నించి వెంట నడవడం అన్నీ విన్నది. ఎక్కడో బండి కూత వేసింది. అది ఆగాక అంది.

"పేకాట గాదు బిడ్డా. ఆయన పేకలు ముట్టడు. కాయితాలు ముంగటేసుకుని రాస్తాండు. దవాఖానకు పోదాం లెవ్వుమంటే, జర ఆగు, ఒడుస్తది అన్నడు." చేట కింద పెట్టి, "నేను మాఫ్ జెయ్యలే. యాడికి పోను? మా అమ్మనాయిన అప్పటికే లేరు. పోను జాగ లేక ఉన్న" అంది.

చిన్నమ్మ ఏడ్వడం మొదలుపెట్టింది. తాను ఎందుకొచ్చిందో చెప్పుకుంది. ఆమె చిన్నమ్మ గడ్డం పట్టి ముఖం పైకెత్తి, కనుబొమ్మ పైన మచ్చ మీద బొటనవేలు పెట్టింది.

"కొడ్తడా?"

చిన్నమ్మ తలూపింది. బాయికాడ జారిపడటం అబద్ధమని నాకు అప్పుడు తెలిసింది.

"పోకు అని చెప్ప. పో అని గూడ చెప్ప. నీ బతుకు నీది" అందామె. "గని నా పేరు సూసి మాత్రం పోకు బిడ్డా."

ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. శుభ్రమైన తెల్లచొక్కా, జేబులో కలం, మెత్తటి గొంతు. ఎక్కడినుంచో బదిలీమీద వచ్చిన మనిషి, మాట పుస్తకాల్లోలాగా ఉంది. ఆమె లేచి కాళ్లకు నీళ్లిచ్చింది, కంచం పెట్టింది. మేం తెచ్చిన తొక్కు వేసి మాకూ పెట్టింది. ఆమె తినలేదు. నేను ఉత్తరం ముందుకు చాచాను.

ఆయన దాన్ని చూసి గట్టిగా నవ్వాడు. "అరె, బెల్లం చెల్లివి నువ్వేనా! ఎంత మంచి ఉత్తరం రాశావే!"

నేను అడిగాను. "మీకు జడ ఎవరు ఏసిండ్రు?"

ఆయన మళ్లీ నవ్వాడు. చమత్కారం అనుకున్నాడు. నాకు ఏడుపు వస్తోంది. ఆ నవ్వులో కోపం లేదు, సిగ్గూ లేదు. బొమ్మను ఆడించి, తీగ చూపించి నవ్వినట్టు నవ్వాడు.

తర్వాత చిన్నమ్మ ముఖం చూసి కాస్త సర్దుకున్నాడు. తన పేరుతో పంపితే కథలన్నీ తిరిగొచ్చేవట. సరదాకు భార్య పేరుతో పంపితే వెంటనే వేశారట. "ఆడవాళ్ల పేరుకు అప్పుడు గిరాకీ అమ్మా. అయినా ఇందులో మోసమేముంది? ఏ మొగుడు తన భార్యకు ఇంత పేరు తెచ్చాడు చెప్పు?" అన్నాడు. నిజంగానే అట్లా అనుకుంటున్నాడని ఆయన ముఖం చెప్పింది.

ఆమె తలుపు పక్కన నిలబడి ఉంది. "బిడ్డ పేరు ఎందుకు పెట్టిన్రు?" అంది.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "నాకూ బిడ్డే కదా" అన్నాడు. అప్పుడు మాత్రం ఆ గొంతు పుస్తకాల్లోది కాదు.

"నేను మాఫ్ జేసిన్నని ఎందుకు రాసిన్రు?"

"అది కథ. కథకు అట్లా ఉంటేనే చదివేవాళ్లకు ఊరట."

"పేరు నాది పెట్టినంక కథెట్లయితది?" అంది ఆమె.

ఆయన కంచం పక్కకు జరిపాడు. చెయ్యి కడుక్కున్నాడు. మమ్మల్ని స్టేషన్ దాకా దిగబెట్టడానికి వచ్చాడు. దారిలో చిన్నమ్మతో, ఈ సంగతి పత్రికవాళ్లకు రాయవద్దని అడిగాడు. నా తలమీద చెయ్యి వేసి, "ఇది మన రహస్యం చెల్లీ, సరేనా?" అన్నాడు. అప్పుడు కూడా చెల్లీ అనే అన్నాడు. నేను తల పక్కకు లాగేసుకున్నాను. ఆ పేరు ఆమెది కాబట్టి, ఆ బిడ్డ పేరు కథలో ఉంది కాబట్టి, మేం ఎవరికీ చెప్పలేదు. ఆయన తన రక్షణకే అనుకొని ఉంటాడు.

ఇల్లు చేరగానే చిన్నమ్మ సంచి కూడా దించకుండా దుకాణం గడప దగ్గర నిలబడింది. "నాయినా, నేను పోను."

తాత కోపం అంతా ఇంతా కాదు. అప్పటికే ఆమె వస్తుందని పెద్దమనుషులకు కబురు కూడా పంపేశాడాయె. "ఆ డోర్నకల్ల ఎవలో నీ మనసు ఇరిచిన్రు" అని కేకలేశాడు. అప్పుడు అమ్మమ్మ, అంతవరకు ఎన్నడూ నోరు తెరవనిది, వంటింటి గుమ్మంలోంచి అంది: "దానికి పోను జాగ ఉన్నది. ఈ ఇల్లున్నది. ఇగ ఊకో." మేం చెప్పని మాట, డోర్నకల్‌లో ఆమె అన్న మాటే, అమ్మమ్మ నోట ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆడవాళ్ల కష్టం తెలియడానికి ఎవరూ కథలు రాయనక్కర్లేదు కాబోలు.

చిన్నమ్మ పోలేదు. మొదట సరుకుల గదిలో పప్పులు చెరిగేది. తర్వాత తాత కంటిచూపు తగ్గాక ముందుకొచ్చి గద్దె మీద కూర్చుంది. బజారులో కొన్నాళ్లు నవ్వుకున్నారు. తర్వాత అలవాటుపడ్డారు.

నేను నా కుట్టిన కాగితాలు విప్పి రద్దీ గుట్టలో వేసేశాను. కొన్నాళ్లపాటు మా బజారు జనం వాటిలోనే ఆవాలు, మిరియాలు కట్టించుకుపోయారు. చివరి పేజీ కోసం నేను ఎవరి ఇంటికీ ఉరకలేదు. జడ వేయించుకునేటప్పుడు తల నిటారుగా పెట్టుకుని కూర్చునేదాన్ని.

అయినా ఒక మాట దాచను. ఆ పేరుమీద కథలు ఇంకా కొన్నేళ్లు వస్తూనే ఉన్నాయి, నేను చదువుతూనే ఉన్నాను. చదవకుండా ఉండలేకపోయాను. అవి మంచి కథలు. చెడ్డవైతే నాకింత బాధ ఉండేది కాదు. ఒక మంచి వాక్యం దగ్గర కళ్లు చెమర్చేవి, వెంటనే ఇది ఆమె ఏ మూల నిలబడి ఎవరితో చెప్పుకున్న మాటో, ఈయన ఎక్కడ కూర్చుని విన్నాడో అని ఒళ్లు మండేది. నా బెల్లం సంగతీ అంతేనేమో. ఆమె తన చిన్నప్పుడు చేసిన దొంగతనం నవ్వుతూ మొగుడికి చెప్పి ఉంటుంది. అంటే నాకు తోబుట్టువు ఉన్నమాట నిజమే. నాకు ఉత్తరం రాసింది మాత్రం ఆమె కాదు. ఆ తర్వాత నేను ఏ రచయితకూ ఉత్తరం రాయలేదు. ఎవరి కథ నచ్చినా, ఇది నాకోసమే రాశారన్న మాట మనసులోకి రానివ్వలేదు.

నేను కాలేజీలో చేరాక, ఒక వానాకాలం, ఆమె మా ఇంటికి వచ్చింది. అప్పటికి ఆయన పోయి కొన్ని నెలలు. ఒక్కతే బండెక్కి, వరంగల్‌లో దిగి, బజారులో చిన్నమ్మ దుకాణం అడుగుతూ వచ్చింది. అమ్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. మక్కగారెలు కాలుస్తున్న వేళ. బయట దుకాణంలో చిన్నమ్మ ఎవరికో చింతపండు తూస్తోంది. ఆమె అది వంగి చూసి, "మంచిగున్నవ్ బిడ్డా" అంది. ఇంకేమీ అడగలేదు.

గిరాకీ తగ్గాక చిన్నమ్మ వచ్చి కూర్చుంది. అమ్మమ్మ, చిన్నమ్మ, నేను. వాన పడుతూనే ఉంది. ఆమె ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టింది. బిడ్డ పుట్టిన రోజు నుంచి మొదలుపెట్టి, తన మాటల్లో, తన వరుసలో, అక్కడక్కడ వెనక్కిపోయి, మరిచిపోయినవి గుర్తుచేసుకుని చెప్పింది. ఎక్కడా తొందరపడలేదు. కథలో ఆయన పెట్టిన చివర ఇందులో లేదు. అసలు చివర వేరు.

అప్పటికి నేను కాలేజీ పత్రికలో ఏవో రాస్తున్నాను. ఆమె చెప్పడం ఆపగానే అన్నాను: "నేను రాస్తా పెద్దమ్మా. ఈసారి నిజంగ నీ పేరుమీదనే."

ఆమె మక్కగారె ముక్క నోట్లో వేసుకుని, నమిలి మింగింది.

"వద్దు బిడ్డా" అంది. "ఒకసారి నా పేరుమీద రాసిన్రు గద. ఇగ చాలు. నేను నోటితోటి చెప్పిన. మీరు ముగ్గురు ఇన్నరు. నాకు గంతే కావాలె."

ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆమె కూడా లేదు. డోర్నకల్‌లో ఆ రోజు ఆయన ముఖం మీదనే అన్నవీ, అరుగు మీద మాతో అన్నవీ మాత్రమే ఇక్కడ రాశాను. వానలో ఆమె చెప్పిన ముచ్చట నాకు ఒక్క మాట కూడా తప్పిపోకుండా గుర్తుంది. అది రాయను.